'తింటున్నాను'లో దాక్కున్న 'ఉన్నాను': చైనీస్‌లో జరుగుతున్న పనిని చెప్పడం

అందరికీ నమస్కారం. ఆదివారం, అదీ మధ్యాహ్నం భోజనాలయ్యాక, వ్యాకరణం వినడానికి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. నిద్రొస్తే కాసేపు కునుకు తీయండి, నేనేమీ అనుకోను. నేను పన్నెండేళ్ళు చైనాలో దుబాసీ పని చేశాను. మనవైపు నుంచి మెషిన్లు కొనడానికి వచ్చే వ్యాపారస్తులకీ, అక్కడి ఫ్యాక్టరీల వాళ్ళకీ మధ్య మాట చేరవెయ్యడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఇక్కడే సాయంత్రాలు పదిమందికి చైనీస్ చెప్పుకుంటున్నాను. కాబట్టి ఈరోజు చెప్పేవి పుస్తకంలో చదివినవి కొన్ని, నోరు జారి నేర్చుకున్నవి కొన్ని.

మనకి వాట్సాప్ ఎలాగో అక్కడ వీచాట్ అలాగ. పాత స్నేహితుడు ఎవడైనా చాలా రోజుల తర్వాత పలకరిస్తే ముందు రెండే అక్షరాలు పంపిస్తాడు. 'త్సాయ్ మా?' అంటే 'ఉన్నావా?' మనవాళ్ళూ అంతే కదా, 'ఉన్నావా?' అని పెడతారు, తర్వాత మెల్లిగా అప్పు సంగతి ఎత్తుతారు. (నవ్వులు) అక్కడా అంతే లెండి. మీరు బదులివ్వదలుచుకుంటే ఒకే అక్షరం చాలు. 'త్సాయ్.' అంటే 'ఉన్నా.'

ఈ త్సాయ్ మీదే ఇవాళ్టి కథంతా. దీన్ని ఎలా పలకాలో ముందు చెప్తాను. ఇంగ్లీషు అక్షరాల్లో దీన్ని 'జెడ్'తో రాస్తారు కాబట్టి అందరూ 'జాయ్' అంటారు. అది కాదు. మనం 'చాలు', 'చాప' అంటాం చూడండి, ఆ చ. 'చిలక'లో చ కాదు, 'చాప'లో చ. పాత పుస్తకాల్లో చ మీద చిన్న గుర్తు పెట్టి రాసేవారు. ఆ శబ్దం మన నోట్లో పుట్టుకతోనే ఉంది. ఢిల్లీ నుంచి వచ్చిన నా సహోద్యోగి దీనికోసం నెలరోజులు తంటాలు పడ్డాడు, నాకు మొదటిరోజే వచ్చేసింది. స్వరం మాత్రం పైనుంచి కిందికి దబ్బున పడాలి, పిల్లాడిని 'వద్దు!' అని కసిరినట్టు.

ఇక అసలు విషయం. 'థా త్సాయ్ జ్యా' అంటే 'అతను ఇంట్లో ఉన్నాడు.' థా అతను, జ్యా ఇల్లు, త్సాయ్ ఉండడం. 'థా త్సాయ్ ఛి ఫాన్' అంటే 'అతను అన్నం తింటున్నాడు.' ఛి తినడం, ఫాన్ అన్నం. చైనీస్‌లో కూడా 'భోజనం చేయడం' అనడానికి 'అన్నం తినడం' అనే అంటారు, నూడుల్స్ తిన్నా సరే. రెండు వాక్యాల్లోనూ ఒకటే త్సాయ్. ఇంట్లో ఉన్నట్టే, తినడంలో ఉన్నాడు.

ఇది విచిత్రంగా అనిపించిందా? మన 'తింటున్నాడు'ని కాస్త విప్పి చూడండి. 'తింటూ ఉన్నాడు.' పాత రాతలో 'తినుచున్నాడు.' అందులో 'ఉన్నాడు' ఎక్కడికీ పోలేదు, కూర్చునే ఉంది. రాయలసీమలో, నెల్లూరు వైపు 'తింటా ఉండా' అంటారు కదా, అక్కడ అది దాక్కోవడం కూడా లేదు. అంటే జరుగుతున్న పనిని చెప్పడానికి 'ఉండు' అనే మాటనే వాడాలని మనవాళ్ళకీ తోచింది, వాళ్ళకీ తోచింది. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకోలేదు. మనం క్రియకి వెనక తగిలిస్తాం, వాళ్ళు ముందు పెడతారు. అంతే తేడా.

అంతే తేడా అయితే నేను ఇక్కడితో ఆపేసి దిగిపోవచ్చు. కానీ మన 'తున్నా' ఉందే, అది మహా గడుసుది. ఒక్కటే ముక్క పెట్టుకుని అరడజను పనులు చేస్తుంది. 'రేపు విజయవాడ వెళ్తున్నాను.' ఇప్పుడేమీ వెళ్ళడం లేదు, సోఫాలో కూర్చునే ఉన్నాను. 'ఈ మధ్య పొద్దున్నే లేస్తున్నాను.' 'పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను.' 'ఆకలేస్తోంది.' 'వస్తున్నా!' వీటన్నిటికీ తెలుగులో ఒకే తోక. చైనీస్‌లో వీటిల్లో దేనికీ త్సాయ్ సరిగ్గా అతకదు. నా దగ్గరికొచ్చే పిల్లలు మొదటి ఆరు నెలలూ చేసే తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. తెలుగులో తున్నా కనబడితే చాలు, చైనీస్‌లో త్సాయ్ కుక్కేస్తారు.

'వస్తున్నా' సంగతి చూడండి. హాస్టల్లో తలుపు కొట్టారు. నేను లోపల్నుంచి 'వొ త్సాయ్ లాయ్' అని అరిచాను. వొ నేను, లాయ్ రావడం. తీసేసరికి బయట పక్కగది అబ్బాయి వింతగా చూస్తున్నాడు. అలా ఎవరూ అనరట. అక్కడ అనేది 'లాయ్ లె!' ఈ 'లె' అనేది మార్పు జరిగిందని చెప్పే చిన్న ముక్క. మాటకి మాట చూస్తే 'వచ్చా!' అన్నట్టు. ఇంకా మంచం మీంచి లేవకపోయినా 'వచ్చా' అనే. హోటల్లో సర్వర్ ప్లేట్లు పట్టుకుని జనం మధ్యలోంచి దూసుకొస్తూ అరిచేదీ అదే, 'లాయ్ లె, లాయ్ లె!' మనం అనుకుంటాం, రావడం అనే పని సాగుతోంది అని. వాళ్ళు అనుకుంటారు, ఇప్పటిదాకా రాలేదు, ఇప్పుడు పరిస్థితి మారింది అని.

'ఆకలేస్తోంది' కూడా అంతే. 'వొ అ లె.' ఆకలి లేనివాణ్ణి, ఆకలిగొన్నవాణ్ణయ్యాను. వర్షం మాత్రం రెండువైపులా పోతుంది. కిటికీలోంచి చూసి 'అరే, వాన పడుతోంది, బట్టలు తియ్యి!' అనాలంటే 'శ్యా యు లె!' ఎందుకంటే అది వార్త. ఇందాక లేదు, ఇప్పుడు ఉంది. ఫోన్లో ఎవరో 'అక్కడ వాతావరణం ఎలా ఉంది?' అని అడిగితే 'త్సాయ్ శ్యా యు', వాన పడుతూ ఉంది. కథ మొదలుపెడుతూ 'బయట వాన కురుస్తోంది, వీధిలో ఎవరూ లేరు' అని దృశ్యం పరచాలంటే 'శ్యా జె యు'. మూడింటికీ తెలుగులో 'వాన పడుతోంది' అంటే సరిపోతుంది.

ఇప్పుడు ఆ 'జె' దగ్గరికి రావాలి. నాకు ఇష్టమైన ముక్క అది. దాని వల్ల ఒకసారి పరువు కూడా పోయింది.

చలికాలం. షాంఘైలో హోంగ్‌ఛ్యావ్ రైల్వే స్టేషన్. ఎంత పెద్దదంటే, ఒక గేటు దగ్గర నిలబడితే అవతలి గేటు దగ్గర మనిషి చీమలా కనిపిస్తాడు. నన్ను తీసుకెళ్ళడానికి ఒక ఫ్యాక్టరీ డ్రైవర్ వచ్చాడు, నన్నెప్పుడూ చూడలేదు. ఫోన్ చేసి 'ఎలా గుర్తుపట్టాలి?' అన్నాడు. 'వొ త్సాయ్ ఛ్వాన్ హోంగ్ మావ్‌యి' అన్నాను దర్జాగా. ఎర్ర స్వెటర్‌లో ఉన్నానని నా ఉద్దేశం. అవతల ఒక క్షణం నిశ్శబ్దం. తర్వాత ఆయన చాలా మర్యాదగా, 'సరేనండి, వేసుకోవడం అయ్యాక చెప్పండి' అన్నాడు.

(నవ్వులు)

నేనన్నది 'ఎర్ర స్వెటర్ వేసుకుంటున్నాను' అని. ఇప్పుడే, స్టేషన్ మధ్యలో, తల దూర్చి, చేతులు దూర్చి. అనాల్సింది 'ఛ్వాన్ జె హోంగ్ మావ్‌యి'. అంటే వేసుకుని ఉన్నాను.

ఈ తప్పు నాతో చేయించింది తెలుగు కాదు, ఇంగ్లీషు. 'ఐ యామ్ వేరింగ్' అని బుర్రలో అనుకుని దాన్ని చైనీస్‌లోకి దించాను. తెలుగులో అనుకుని ఉంటే ఏమనేవాణ్ణి? 'ఎర్ర స్వెటర్ వేసుకున్నాను' అనేవాణ్ణి. 'వేసుకుంటున్నాను' అని ఏ తెలుగువాడూ అనడు. మన భాష నాకు సరైన దారే చూపిస్తోంది, నేనే మధ్యలో ఇంగ్లీషు బస్సెక్కాను. మన కాలేజీల్లో కొంతమంది 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్' అంటారు చూడండి, వాళ్ళు చైనీస్‌కి వస్తే 'కలిగి ఉండడం' అనే 'యొవ్'కి ముందు కూడా త్సాయ్ పెట్టేస్తారు. తెలుగులో 'ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు' అంటాం, 'ఉంటున్నారు' అనం కదా. తెలియడం అనే 'జిదావ్' కూడా అంతే. 'నాకు తెలుసు' అన్నప్పుడు తెలుగులో తున్నా లేదు, చైనీస్‌లో త్సాయ్ లేదు.

అందుకే క్లాసులో నేనొక కిటుకు చెప్తాను. తెలుగులో 'తూ ఉన్నాడు' అని విడదీయగలిగితే త్సాయ్. 'ఇ ఉన్నాడు' లేక 'ని ఉన్నాడు' అని వస్తే జె. తలుపు తెరుస్తున్నాడు, తెరుస్తూ ఉన్నాడు: 'థా త్సాయ్ ఖాయ్ మెన్.' తలుపు తెరిచి ఉంది: 'మెన్ ఖాయ్ జె.' గోడకి బొమ్మ తగిలిస్తున్నాడు: 'థా త్సాయ్ గ్వా హ్వా.' గోడకి ఒక బొమ్మ తగిలించి ఉంది: 'ఛ్యాంగ్ షాంగ్ గ్వా జె యి ఫు హ్వా.' కూర్చుని ఉన్నాడు, 'త్సువొ జె'. నిలబడి ఉన్నాడు, 'జాన్ జె'. పని అయిపోయింది, దాని ఫలితం మాత్రం అలాగే అంటిపెట్టుకుని ఉంది.

అంటిపెట్టుకుని అన్నానే, ఆ మాట ఊరికే రాలేదు. జె రాసే అక్షరానికి పాత అర్థం అంటుకోవడమే. అదే అక్షరాన్ని 'జావ్' అని చదివి పక్కన నిప్పు అనే 'హ్వొ' పెడితే 'జావ్‌హ్వొ', నిప్పంటుకోవడం. వందల ఏళ్ళ వాడుకలో ఆ 'అంటు' అరిగి అరిగి, స్వరం కూడా పోయి, క్రియ వెనక ఒక చిన్న జె అయి కూర్చుంది. అక్షరం మాత్రం మారలేదు. అందువల్ల పుస్తకంలో నిద్రపోవడం అనే 'ష్వెయ్' పక్కన ఈ అక్షరం కనిపిస్తే కొంచెం ఆగాలి. 'ష్వెయ్ జె' అని చదివితే నిద్రలో ఉన్నాడు. 'ష్వెయ్ జావ్' అని చదివితే నిద్ర పట్టింది. రాతలో రెండూ ఒకటే. ముందూ వెనకా చూసుకుని చదువుకోవాలి.

నా కిటుకు ఒకచోట కాలు జారుతుంది, అది దాచకూడదు. రెండు పనులు కలిసి జరిగినప్పుడు. 'నవ్వుతూ చెప్పాడు': 'శ్యావ్ జె ష్వొ.' 'నిలబడి తిన్నాడు': 'జాన్ జె ఛి.' తెలుగులో ఒకచోట 'తూ', ఒకచోట 'ఇ'. నిలబడుతూ తిన్నాడు అంటే ఎవడో లేస్తూ కూర్చుంటూ తిన్నట్టుంటుంది. చైనీస్ ఈ రెంటినీ పట్టించుకోదు, రెంటికీ జె. ఇక్కడ తెలుగే ఎక్కువ నాజూకైన భాష. ఇలాంటి చోట నాకు కాస్త గర్వంగా ఉంటుంది, ఏమీ అనుకోకండి.

జె లో ఇంకో రుచి ఉంది. ఎదురుచూడడం 'దెంగ్'. 'దెంగ్ జె' అంటే ఎదురుచూస్తూ ఉండు, ఉండక్కడే. కానీ ఎవరైనా వేలు చూపించి 'ని దెంగ్ జె!' అంటే? 'ఉండు, నీ పని చెప్తా!' అని. మనమూ ఆ కోపంలో 'ఉండు!' అనే అంటాం కదా.

ఇక 'జెంగ్‌త్సాయ్'. త్సాయ్‌కి ముందు 'సరిగ్గా' అనే అర్థమున్న 'జెంగ్' చేరింది. సరిగ్గా ఆ క్షణంలో, పనిలో ఉండగా అని. మామూలు మాటల్లో త్సాయ్ చాలు. 'ఎప్పట్నుంచో నీకోసమే చూస్తున్నాడు' అనాలంటే 'థా యిజి త్సాయ్ దెంగ్ ని'. యిజి అంటే ఆగకుండా, మొదట్నుంచీ. అక్కడ జెంగ్‌త్సాయ్ పెట్టకూడదు. ఒక క్షణం మీద వేలు పెట్టే మాటనీ, పొడుగ్గా సాగే మాటనీ కలిపి ఎలా వాడతాం?

జెంగ్‌త్సాయ్ బాగా వినాలంటే చైనాలో ఎవరికైనా ఫోన్ చేసి, ఆ లైను బిజీగా ఉండేలా చూసుకోండి. రికార్డు గొంతు వస్తుంది. 'నిన్ బొదా ద ద్యెన్‌హ్వా జెంగ్‌త్సాయ్ థోంగ్‌హ్వా జోంగ్, ఛింగ్ షావ్‌హొవ్ త్సాయ్ బొ.' మీరు డయల్ చేసిన ఫోను మాటల్లో ఉంది, కాసేపాగి మళ్ళీ చేయండి అని. చివర్లో ఇంకో త్సాయ్ విన్నారా? అది మన త్సాయ్ కాదు. శబ్దం అదే, స్వరం అదే, రాసే అక్షరం వేరు, అర్థం 'మళ్ళీ'. ఒకే వాక్యంలో ఇద్దరు త్సాయ్‌లు. నేను మొదట్లో ఈ వాక్యాన్ని ఓ ఇరవై సార్లు విని ఉంటాను, అవతలి మనిషి ఎంతకీ ఫోన్ పెట్టెయ్యకపోవడం వల్ల.

అందులోనే 'థోంగ్‌హ్వా జోంగ్' అన్నారు. జోంగ్ అంటే మధ్య, లోపల. మన 'లో'. నిర్మాణంలో ఉంది, వాడుకలో ఉంది, పరిశీలనలో ఉంది అని మన ఆఫీసు భాషలో అంటామే, అచ్చం అదే. దుకాణం తలుపు మీద 'యింగ్‌యె జోంగ్', వ్యాపారం నడుస్తోంది, లోపలికి రండి అని. రైల్లో టాయిలెట్ లైటు మీద 'షియొంగ్ జోంగ్', లోపల మనిషి ఉన్నాడు అని. మాటల్లో ఇది తక్కువ, బోర్డుల మీదే ఎక్కువ. చైనా వెళ్ళిన మొదటిరోజు ఒక్క అక్షరమే గుర్తుపెట్టుకోగలిగితే దీన్ని పెట్టుకోండి. చదరం, దాని నడుమ నిలువు గీత.

బీజింగ్ వైపు మాటల్లో ఇంకో తోక వినబడుతుంది, 'నె'. ఫోన్ ఎత్తగానే 'గాన్ మా నె?' ఏం చేస్తున్నావ్? 'ఛి ఫాన్ నె.' తింటున్నా. త్సాయ్ లేనే లేదు, వాక్యం చివర నె ఒక్కటే మోస్తోంది. ఆ నెలో కొంచెం 'నీకు తెలియదేమో, చెప్తున్నా విను' అనే ధ్వని ఉంటుంది. మన 'తింటున్నాగా' లోని 'గా'కి దగ్గర. పనెక్కువ ఉన్నప్పుడు 'మాంగ్ జె నె' అంటారు. ఇక్కడ ఊపిరాడట్లేదు, తర్వాత మాట్లాడదాం అని.

దక్షిణాన గ్వాంగ్‌జౌ వెళ్తే అక్కడి సొంత మాటలో, అంటే కాంటనీస్‌లో, ఇవేవీ వినపడవు. కాంటనీస్‌లో 'సెక్ గన్ ఫాన్' అంటారు. సెక్ తినడం, గన్ అన్నది క్రియ వెనక వచ్చి పని సాగుతోందని చెప్తుంది. ఆ అక్షరానికి మామూలు అర్థం 'బిగుతు'. బట్టలు వేసుకుని ఉండడం లాంటి స్థితికి మళ్ళీ వేరే ముక్క ఉంది. దాని అసలు అర్థం నివాసం ఉండడం. తిరిగి తిరిగి అక్కడికే వచ్చాం చూశారా, ఉండడం దగ్గరికి.

కాలం గురించి ఒక మాట. త్సాయ్ వర్తమానం కాదు. 'నిన్న నేను వెళ్ళేసరికి వాడు అన్నం తింటున్నాడు' అంటే చైనీస్‌లోనూ అదే త్సాయ్, మార్పేమీ లేదు. ఇంగ్లీషు గ్రామర్ బాగా చదువుకున్న పిల్లలు 'వాజ్'కి చైనీస్‌లో ఏముంది సార్ అని టెన్షన్ పడతారు. ఏమీ లేదు. తెలుగులో మాత్రం ఏముంది? అదే 'తింటున్నాడు'. నిన్న అని ముందే చెప్పేశాం కదా.

కానీ లెక్క వచ్చిందంటే జాగ్రత్త. 'మూడేళ్ళుగా చైనీస్ నేర్చుకుంటున్నాను.' ఇది మన వాళ్ళందరూ పరీక్షలో తప్పు రాసేది. తున్నా ఉంది కాబట్టి త్సాయ్ పెట్టి, పక్కన మూడేళ్ళు అని రాస్తారు. ఎన్ని గంటలు, ఎన్నేళ్ళు అనే కొలత పక్కన పెట్టుకుని త్సాయ్ గానీ జె గానీ నిలబడవు. 'వొ శ్యుయె జోంగ్‌వెన్ శ్యుయె లె సాన్ న్యెన్ లె' అనాలి. రెండు లెలు. మొదటిది ఇంత నడిచింది అంటుంది, చివరిది ఇప్పటికి ఇంత అయింది, ఇంకా ఉంది అంటుంది. చివరి లె మింగేశారా, మూడేళ్ళు చదివి మానేసినట్టు వినిపిస్తుంది. 'మొదలుపెట్టి మూడేళ్ళయింది' అని తెలుగులో తిప్పుకోండి, ఆ 'అయింది'లో మీకు లె దొరుకుతుంది.

ఫ్యాక్టరీల్లో నాకు రోజూ తగిలే చిక్కు ఇంకోటి. మనవైపు నుంచి వచ్చినాయన అడుగుతాడు, 'ఆర్డర్ పూర్తవుతోందా అని అడగవయ్యా.' చేయడం 'త్సువొ', పూర్తవడం 'వాన్', 'త్సువొ వాన్' అంటే చేసెయ్యడం. దానికి ముందు త్సాయ్ పెట్టడం కుదరదు. చేస్తూ ఉండొచ్చు, చేసేసి ఉండొచ్చు, 'చేసేస్తూ' ఉండడం వాళ్ళ లెక్కలో లేదు. 'ఖ్వాయ్ త్సువొ వాన్ లె', అయిపోవచ్చింది అనాలి. ఓనరు నవ్వుతూ 'ఖ్వాయ్ లె, ఖ్వాయ్ లె' అంటాడు. లోపలికెళ్ళి చూస్తే ఇంకా ఇనుము కొయ్యడం కూడా మొదలవలేదు. మన దర్జీలు 'అయిపోయింది సార్, గుండీలే కుట్టాలి' అంటారే, ఆ వ్యాకరణం ప్రపంచమంతా ఒకటే.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, చెప్పండమ్మా.

'లేదు' ఎలా చెప్పాలి అంటున్నారు. మంచి ప్రశ్న, నేనే మర్చిపోయాను. 'టీవీ చూడట్లేదు' అంటే 'మెయ్ త్సాయ్ ఖాన్ ద్యెన్‌షి'. మాటల్లో చాలాసార్లు త్సాయ్ తీసేసి 'మెయ్ ఖాన్' అని వదిలేస్తారు. కాదు అనే ఇంకో మాట 'బు' ఉంది, దాన్ని త్సాయ్‌తో కలిపితే 'బు త్సాయ్', మనిషి లేడు, ఇంట్లో లేడు అని. దానికి ఒక లె కూడా చేరిస్తే మాత్రం... ఒకసారి పాత కస్టమర్ ఇంటికి ఫోన్ చేశాను. ఆయన భార్య ఎత్తింది. ఆయనున్నారా అంటే 'థా బు త్సాయ్ లె' అంది. బయటికెళ్ళాడు కాబోలు అనుకుని, ఎప్పుడొస్తారు అని అడిగాను. ఆమె ఏమీ మాట్లాడలేదు. మనం 'ఆయన ఇప్పుడు లేరండీ' అంటాం కదా, అలా అంది ఆమె. మా నాన్న పోయినప్పుడు ఫోన్లో నేనూ అందరికీ ఆ మాటే చెప్పాను. అయినా ఆరోజు నాకు వెలగలేదు.

ఇంకొకరెవరో... వెనక, ఆ అబ్బాయి. సెలవు తీసుకునేటప్పుడు 'వెళ్తున్నా' అంటాం కదా, దానికి త్సాయ్ వస్తుందా అంటున్నాడు. ఇంతసేపు విన్నావుగా, నువ్వే చెప్పు. రాదు. వెళ్ళడం 'త్సొవ్'. వెనక మార్పు చెప్పే లె. 'వొ త్సొవ్ లె.' ఇంకా గుమ్మం దాటకపోయినా సరే.

హాలు వాళ్ళు ఇందాకట్నుంచి నాకు గడియారం చూపిస్తున్నారు. వొ త్సొవ్ లె.